దక్షిణపు ప్లాటు

భీమవరంలో చూసిన ఫ్లాటు మూడో అంతస్తు.
లిఫ్టు తలుపు రెండుసార్లు లాగితేగాని పడదు.
వంటింటి కిటికీ తీస్తే
పక్కవాళ్ళ పోపు మన కళ్ళల్లో పడుతుంది.
"నేలలో మీ వాటా ఇరవై ఎనిమిది గజాలు"
అన్నాడు బిల్డరు గుమస్తా.
ఏ పక్కనో చూపించమన్నాను.
"అలా చూపించేది కాదమ్మా, అవిభాజ్యం."
ఇరవై ఎనిమిది గజాలూ కాగితం మీద ఉన్నాయి,
కాలు మోపడానికి మాత్రం లేవు.
అయినా ఆసుపత్రి నుంచి పదకొండు నిమిషాల నడక.
రాత్రి షిఫ్టు దిగి
చెప్పు తెగినా వచ్చేయొచ్చు.

విస్సాకోడేరు దాటాక లేఅవుటు సంగతి వేరు.
మూడు సెంట్లు, సిమెంటు రోడ్డు,
గేటు మీద రెండు హంసలు,
ఒకదానికి అప్పుడే ముక్కు లేదు.
ప్రభుదాసు మనసు అక్కడే.
మేత కొట్టులో పగలంతా బస్తాల మధ్య నిలబడే మనిషి,
జామమొక్క ఎక్కడ పెట్టాలో
చెప్పుకాలితో నేల మీద గీసి చూపించాడు.
పక్కనే ఇంకో గీత గీస్తే
మా కెరెను అందులోకి దూకి
"ఇది నా గది" అంది.

తూర్పు ముఖం, పద్నాలుగో నంబరు,
బంగారం అన్నాడు బ్రోకరు.
బంగారమే. రేటూ అంతే.

ఎవరికీ చెప్పకుండా ఒకరాత్రి
పదింటికి షిఫ్టు దిగి ఆటో ఎక్కాను.
రైలు గేటు దగ్గర పద్దెనిమిది నిమిషాలు.
తూము దగ్గర ఆటో ఆగిపోయింది.
"ఇక్కణ్ణించి నడిచిపోండమ్మా,
తిరుగు బేరం దొరకదు."
నడిచాను.
అటూ ఇటూ చెరువుల్లో ఏరేటర్లు
రొయ్యలకి ఊపిరి పోస్తున్నాయి.
రోజంతా ఎవరెవరి ఊపిరో లెక్కపెట్టేదాన్ని,
ఆ మోతలో నాది నాకు వినబడలేదు.

పద్నాలుగో రాయి పక్కన కుక్కిమంచం,
కాపలా ఏడుకొండలు.
టార్చి నా మొహం మీద వేసి,
తెల్లచీర చూసి దించాడు.
"ఆయ్, నర్సమ్మగారా. మీరు కొనేది ఇదాండీ?"
అవునన్నాను.
బీడీ సగం దాకా కాల్చాడు.
"ఈ చెరువులో తొమ్మిదేళ్ళు మేత చల్లానండి, తెప్ప మీద.
మీ పొయ్యి వచ్చే చోట
నా గెడ అడుక్కి అందేది కాదండి."

తర్వాత టార్చి పక్కకి తిప్పాడు.
వెలుగు వెళ్ళి వెళ్ళి
ముప్పై ఒకటో రాయి మీద ఆగింది.
"అదండీ గట్టు.
పట్టుబడి రోజున ఐసు లారీ
లోడుతో తెల్లార్లూ నిలబడినా కుంగలేదు.
దక్షిణం ముఖమని ఎవరూ ముట్టుకోట్లేదు."

మా ఇంట్లో వాస్తు లేదు, ప్రార్థన ఉంది.
అయినా దక్షిణమనగానే
మా అత్తగారు కంచం ముందు నుంచి లేచిపోయింది.
అది యముడి దిక్కట.
వారానికి రెండుసార్లు చూస్తాను ఆయన్ని, ఐసీయూలో.
ఏ తలుపు తీసి ఉంటే ఆ తలుపులోంచి వస్తాడు.

ప్రభుదాసు ఏమీ అనలేదు.
ఆదివారం ఆరాధన అయ్యాక
మేనమామ గునపం అడిగి తెచ్చాడు.
పద్నాలుగులో ఒక్క పోటుకి
గునపం సగానికి పైగా దిగింది,
పైకి లాగితే నల్లటి బురద, గుల్ల పెంకులు.
ముప్పై ఒకటిలో ఠంగుమంది.
అక్కడ చెప్పుతో గీస్తే గీత పడలేదు.
"మరి నా గదో?" అంది కెరెను.
ఇటుకముక్క వెతికి గీశాడు.
జామకి గొయ్యి తవ్వడానికి
రెండు రోజులు పడుతుందన్నాడు నవ్వుతూ.

లక్షన్నర తగ్గింది రేటు.
అందులో పాత స్కూటరు ఒకటి తీసుకున్నాం,
రాత్రుళ్ళు తూము దాకా నాకు ఎదురు రావడానికి.
"మొత్తానికి గట్టెక్కారు" అంది తోటి సిస్టరు.
ఏమో. గట్టు మీద నిలబడ్డామంతే.
ఎక్కామో లేదో
ఇరవయ్యేళ్ళు పోయాక బ్యాంకు చెప్పాలి.

పద్నాలుగు ఎవరో పాలకొల్లు వాళ్ళు కొన్నారట.
ముగ్గు కూడా పోశారు.
గెడ సంగతి వాళ్ళకి చెప్పాలా అని
వెళ్ళినప్పుడల్లా అనుకుంటాను.
ఏడుకొండలు మాత్రం ఇప్పటికీ
ఆ ప్లాటుకి అడ్డంగా నడవడు.
గట్టు వెంట చుట్టుతిరిగి వస్తాడు,
నీళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టు.